కండరాల పేర్లు రాత్రి వచ్చి పొద్దున్నకి పోతున్నాయి, చదువు మానేయనా?

ప్రశ్న: సార్, నేను విజయవాడలో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) మొదటి సంవత్సరం చదువుతున్నాను. మాది గుంటూరు. నాన్న మిర్చి యార్డులో హమాలీ. ఆయన నడుం నొప్పి చూసే ఈ కోర్సులో చేరాను. టెన్త్ వరకు తెలుగు మీడియం, ఇంటర్ బైపీసీ. ప్రతి కండరం ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ అతుక్కుంటుంది, దాని నరం ఏది, పని ఏది అని పట్టికలు రాసుకుని అర్ధరాత్రి దాకా బట్టీ పడతాను. పొద్దున్నకి సగం పోతాయి. మొదటి ఇంటర్నల్‌లో ఫెయిలయ్యాను. పాత ప్రశ్నపత్రాలు చదివితే చాలని సీనియర్లు అంటున్నారు. వచ్చే ఏడాది బయోమెకానిక్స్ ఉంటుందట, అందులో లెక్కలుంటాయట. ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది. పైగా ‘డాక్టరు సీటు రాక ఇందులో చేరింది’ అని బంధువుల మాటలు. మానేసి మామూలు డిగ్రీలో చేరిపోనా? ఈ చదువు నాకు వస్తుందా?
ఒక విద్యార్థిని, గుంటూరు

సమాధానం: అమ్మా, మానేయొద్దు. ఒక్క ఇంటర్నల్ చూసి ఈ చదువు నీకు రాదని ఎవరూ తేల్చలేరు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జ్ఞాపకశక్తి తక్కువైన పిల్ల రాసినట్టు లేదు. పట్టిక చదువుతున్నావు గానీ, ఆ పట్టిక దేని గురించో ఆ శరీరాన్ని పక్కన పెట్టేశావు. మన ఒంట్లో 600కు పైగా కండరాలున్నాయి. ఒక్కోదానికి నాలుగు గడులంటే 2400 ముక్కలు. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా అన్ని ముక్కలు ఎవరికీ నిలవవు. పరీక్ష రోజు దాకా ఎలాగో పట్టుకొచ్చినవాళ్ళకి కూడా నెల తిరిగేసరికి మిగిలేది కొంచెమే.

అనాటమీ (శరీర నిర్మాణం), ఫిజియాలజీ (శరీరం పనిచేసే తీరు), బయోమెకానిక్స్ (కదలికల వెనకున్న బలాల లెక్క) అని మూడు పుస్తకాలు ఇస్తారు. మూడూ మాట్లాడేది ఒకే కదలిక గురించి. ఏ ఎముకను ఏ కండరం లాగింది, ఎంత బలంతో లాగింది, ఆ బలానికి శక్తి ఎక్కడి నుంచి వచ్చింది. ముందు కదలికను పట్టుకో, పేర్లను దాని వెంట తెచ్చుకో. నేను చెప్పదలచింది ఇదే. ఎలా చెయ్యాలో వివరంగా రాస్తాను, ఇప్పుడే చేసి చూడు.

ఎడమ చేత్తో కుడి జబ్బ ముందు భాగాన్ని పట్టుకో. కుడి మోచెయ్యి వంచి, అరచెయ్యిని నేలవైపు ఉంచు. ఇప్పుడు అరచెయ్యిని గట్టిగా పైకి తిప్పు. నీ ఎడమ చేతి కింద ఒక ముద్ద లేస్తుంది. అదే బైసెప్స్. పైన స్కాపులా (వీపు మీదుండే రెక్క ఎముక) దగ్గర బయల్దేరి, మోచెయ్యి దాటి, రేడియస్ ఎముక మీదున్న బుడిపెకి అతుక్కుంటుంది. ముంజేతిలో గుండ్రంగా తిరిగే ఎముక రేడియసే. కాబట్టి దాన్ని లాగే కండరం మోచేతిని వంచడమే కాదు, అరచేతిని పైకి తిప్పుతుంది కూడా. చూశావా, మొదలు, అతుకు తెలిస్తే ‘పని’ అనే గడిని నువ్వే నింపుకోగలవు. కుడిచేతి వాటం ఉన్న మేస్త్రీ స్క్రూ బిగించేటప్పుడు మోచెయ్యి వంచుకునే బిగిస్తాడు. చెయ్యి బారుగా చాపి బిగించి చూడు, అంత బలం రాదు. చెయ్యి చాపినప్పుడు బైసెప్స్‌కి తిప్పే పట్టు తగ్గిపోతుంది.

నరాల సంగతీ ఇంతే. కండరానికో నరం అని చదవకు, గది గదిగా చదువు. గది అంటే ఒకే వైపున కలిసి ఉండే కండరాల గుంపు. జబ్బ ముందు గదిలో మూడు కండరాలు: బైసెప్స్, బ్రేకియాలిస్, కొరాకోబ్రేకియాలిస్. మూడింటికీ ముఖ్యమైన నరం మస్క్యులోక్యుటేనియస్. వెనక గదిలో ట్రైసెప్స్, దానికి రేడియల్ నరం. తొడలో ముందు గది మోకాలిని చాపుతుంది, దాని నరం ఫెమోరల్. లోపలి గది కాలిని దగ్గరకు లాగుతుంది, ఆబ్ట్యురేటర్. వెనక గది మోకాలిని వంచుతుంది, సయాటిక్. తొడ కండరాల పట్టిక చాలావరకు ఈ మూడు ముక్కల్లో వచ్చేసింది. గదికి ఒదగనివి కొన్ని మిగులుతాయి. అడక్టర్ మాగ్నస్ ఉండేది లోపలి గదిలో, కానీ దాని వెనక భాగానికి సయాటిక్ వస్తుంది. ముంజేతి ముందు గదిలో దాదాపు అన్నీ మీడియన్ నరానివే, ఫ్లెక్సర్ కార్పై అల్నారిస్ మాత్రం పేరుకు తగ్గట్టు అల్నార్‌ది, ఫ్లెక్సర్ డిజిటోరమ్ ప్రొఫండస్‌లో చిటికెన వేలి వైపు సగం కూడా అల్నార్‌దే. బట్టీ పట్టాలంటే ఈ మినహాయింపులు పట్టు. వైవాలో (నోటి పరీక్షలో) అడిగేవి కూడా ఎక్కువగా ఇవే.

ఇక పట్టిక ఎప్పటికీ చెప్పని సంగతి ఒకటుంది. నీళ్ళ బకెట్ ఎత్తి, నెమ్మదిగా కిందికి దించు. దించేటప్పుడు మోచెయ్యి చాచుకుంటోంది. చాచేది ట్రైసెప్స్ అని పట్టికలో ఉంది. కానీ చేత్తో పట్టుకుని చూస్తే ట్రైసెప్స్ మెత్తగా ఉంటుంది, బైసెప్స్ బిగుసుకుని ఉంటుంది. బకెట్‌ను కిందికి లాగే పని భూమి చేస్తోంది, అది ధడేలున పడకుండా బైసెప్స్ సాగుతూ సాగుతూ ఆపుతోంది. కుర్చీలో నెమ్మదిగా కూర్చునేటప్పుడు మోకాలు వంగుతుంది, కానీ పనిచేసేది మోకాలిని చాపే క్వాడ్రిసెప్స్. దీన్ని ఎక్సెంట్రిక్ సంకోచం అంటారు. అందుకే ‘ఈ కదలికలో ఏ కండరం పనిచేస్తోంది’ అని అడిగితే, భూమి ఎటు లాగుతోందో ముందు చూసుకుని అప్పుడు జవాబు చెప్పాలి. ఈ ఒక్క అలవాటు అయితే రేపు ఎక్సర్‌సైజ్ థెరపీ సగం సులువవుతుంది.

కీలు కదలకపోయినా కండరం పనిచేస్తుంది. దానికి మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ విల్లు ఎక్కుపెట్టిన వీడియో చూడు, 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చిన అమ్మాయి. తాడు పూర్తిగా లాగి గురి చూసే ఆ కొన్ని క్షణాలు చెయ్యి కదలదు. కానీ వీపు మీద స్కాపులాను వెన్నెముక వైపు లాగే ట్రపీజియస్, రాంబాయిడ్స్ ఎంత పని చేస్తున్నాయో గమనించు. ఆమె వాడే కాంపౌండ్ విల్లుకు చివర్లలో చక్రాల్లాంటివి ఉంటాయి. పూర్తిగా లాగాక పట్టి ఉంచాల్సిన బరువు వాటి వల్ల బాగా తగ్గిపోతుంది. అక్కడే అనాటమీ, మెకానిక్స్ ఒకే బొమ్మలో కనిపిస్తాయి.

లెక్కలంటే భయమన్నావు. ఆ భయం ఎంత చిన్నదో చూపిస్తాను. ఇంద్రకీలాద్రి మెట్ల దగ్గర కాసేపు నిలబడి పెద్దవాళ్ళ నడక చూడు. కొందరు ఒంటికాలి మీద బరువు పడగానే రెండో వైపు నడుము జారిపోయి, ఊగుతూ నడుస్తారు. తుంటి పక్కనుండే గ్లూటియస్ మీడియస్ బలహీనపడితే ఇలా అవుతుంది. 1895లో జర్మన్ సర్జన్ ట్రెండెలెన్‌బర్గ్ దీన్ని వివరించాడు, ఆ పరీక్షకి ఇప్పటికీ ఆయన పేరే. పట్టికలో ఈ కండరం పని ‘కాలిని పక్కకు ఎత్తడం’ అని ఉంటుంది. రోజంతా అది చేసే అసలు పని, అడుగు తీసి అడుగు వేసేటప్పుడు నడుము పడిపోకుండా పట్టుకోవడం.

60 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడ్డాడనుకో. లెక్క తేలిక కోసం గుండ్రటి అంకెలు వేస్తాను. ఆ కాలిని తీసేస్తే తుంటి మోసేది 50 కిలోలు. ఆ బరువు పడే గీత తుంటి కీలుకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంది. కండరం లాగే గీత అవతలి వైపు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. 50 × 10 = 500. ఇటు 5తో భాగిస్తే 100. అంటే కండరం 100 కిలోల బలంతో లాగాలి. కీలు మీద రెండూ కలిసి 150 కిలోలు పడతాయి, ఒంటి బరువుకు రెండున్నర రెట్లు. ఇప్పుడు అవతలి చేతికి కర్ర ఇవ్వు. కర్ర తుంటికి అర మీటరు దూరంలో ఉంటుంది. దాని మీద 5 కిలోలు మోపితే 5 × 50 = 250, సగం భారం తీరిపోయింది. కండరం 50 కిలోలు లాగితే చాలు, కీలు మీద పడేది 95కి దిగింది. నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకునే తాతగారిని చూసినప్పుడు ఏం చెప్పాలో, ఎందుకు చెప్పాలో నీకిప్పుడు తెలుసు. ఇందులో గుణకారం, భాగహారం తప్ప ఏమీ లేవు. ముందుకు వెళ్ళేకొద్దీ సైన్, కాస్ వస్తాయి, అవి టెన్త్‌లో చదివినవే. పరీక్షలో మాత్రం కిలోలను 9.8తో గుణించి న్యూటన్లలో రాయాలి, అది మరచిపోకు.

ఇదే లెక్కను మీ నాన్నగారి పనికి వేసి చూడు. టిక్కీ (మిర్చి బస్తా) బరువు 40 కిలోలు అనుకుందాం, నిజానికి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ముందుకు వంగి, నడుముకు 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని లేపితే, వెన్ను వెనక 5 సెంటీమీటర్ల దూరంలో లాగే కండరాలకు ఆ బస్తా ఒక్కదానికే 320 కిలోల బలం కావాలి. వంగిన ఒంటి బరువు దీనికి అదనం. అదే బస్తాను పొట్టకి ఆనించుకుని 20 సెంటీమీటర్లకు తెచ్చుకుంటే 160. వీపు మీదకో తల మీదకో ఎక్కాక బరువు దాదాపు వెన్నెముక మీదుగా దిగుతుంది, దూరం దాదాపు పోతుంది. అందుకే హమాలీలు అంత బరువుతో నడవగలుగుతారు. నడుం పట్టుకునేది ఎక్కువగా ఎత్తేటప్పుడు, దించేటప్పుడు, మెలి తిరిగేటప్పుడు. స్వీడన్‌కు చెందిన నాకెమ్సన్ 1960లలో మనుషుల వెన్నుపూసల మధ్య డిస్కులోకి సూది పంపి లోపలి ఒత్తిడిని కొలిచాడు. పడుకున్నప్పటికన్నా నిలబడితే ఎక్కువ, ముందుకు వంగి బరువు పట్టుకుంటే ఇంకా ఎక్కువ అని అప్పుడు తేలింది.

నాన్నగారిని అడుగు, బస్తా ఎత్తించే మనిషి ఎక్కడ నిలబడతాడు, అడుగు ముందు ఏది వేస్తారు, దించేటప్పుడు మోకాలు ఎంత వంచుతారు. ఏళ్ళ తరబడి బరువు మోసిన మనిషికి తెలిసింది ఏ పుస్తకంలోనూ పూర్తిగా ఉండదు. ఆయన ఒప్పుకుంటే ఫోన్‌లో పక్కనుంచి స్లో మోషన్‌లో తీసుకో. ఫోన్ ఆయనకు సరిగ్గా అడ్డంగా ఉండాలి, ఏటవాలుగా పెడితే కోణాలు తప్పుగా వస్తాయి. కినోవియా అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కంప్యూటర్‌లో వేసుకుంటే వీడియో మీద కీళ్ళ కోణాలు కొలవొచ్చు. కానీ ఆయనకు వైద్యం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టకు, నీ చదువు ఇంకా అంత దూరం రాలేదు. నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిరి ఉన్నా గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రిలో) ఎముకల డాక్టర్లకు చూపించు. మూత్రం మీద పట్టు తప్పినా, కాళ్ళు బలహీనపడినా ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఫిజియాలజీని కూడా ఒంటి మీదే చదువు. ఊరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపుతుంది. గట్టిగా పరుగెత్తే ఆరోగ్యవంతులైన కుర్రవాళ్ళలో అది 20 లీటర్ల దాకా పోతుంది. హాస్టల్ మెట్లు పొద్దున్న ఆరింటికి ఒకసారి ఎక్కి, ఆగగానే 15 సెకన్లు నాడి చూసి నాలుగుతో గుణించి రాసుకో. అవే మెట్లు, అదే వేగంతో, మధ్యాహ్నం ఉక్కలో ఎక్కి మళ్ళీ రాసుకో. పని అదే అయినా నాడి పెరిగి ఉంటుంది. ఒంటిని చల్లార్చడానికి రక్తం చర్మం వైపు మళ్ళింది కాబట్టి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వచ్చింది. చెమట ఆరితేనే వేడి పోతుంది, కారిపోతే పోదు. కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఎక్కువున్న రోజున చెమట ఆరదు, అందుకే ఆ ఎండ మరీ చంపేస్తుంది. ఎండలో పనికి శరీరం అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఈలోగా రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట ముందుగానే మొదలవుతుంది, దానిలో ఉప్పు తగ్గుతుంది. ఫిబ్రవరి నుంచి యార్డులో సరుకు పోటెత్తే రోజుల్లో కొత్తగా పనికి వచ్చినవాళ్ళు ముందుగా ఎందుకు పడిపోతారో దీంతో అర్థమవుతుంది. వేడి దెబ్బల గురించి పుస్తకాల్లో సైనికుల మీద, క్రీడాకారుల మీద చాలా రాశారు. మన హమాలీల మీద, పొలం కూలీల మీద పని చేసేవాళ్ళు కావాలి. నువ్వు అందులోకి వస్తే నాకు ఎంతో సంతోషం.

బందరు రోడ్డు మీద ఇందిరాగాంధీ స్టేడియానికి ఒక ఆదివారం వెళ్ళు. వంద మీటర్ల దూకుడు పరుగుకి కండరంలో ఏటీపీ, క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే శక్తి నిల్వలు చాలావరకు సరిపోతాయి, పది సెకన్లలో అవి అడుగంటుతాయి. ఒకటి రెండు నిమిషాల పరుగుకి గ్లూకోజ్‌ను ఆక్సిజన్ లేకుండా విరిచే దారి మీద భారం ఎక్కువ. ఆ పైన అంతా ఆక్సిజన్ దారే. మూడు దారులూ మొదటి సెకను నుంచే నడుస్తుంటాయి, వాటా మాత్రం మారుతుంది. చాలామంది ఒకటి ఆగాక ఇంకొకటి మొదలవుతుందని రాసి మార్కులు పోగొట్టుకుంటారు. ఇంకో మాట కూడా సరిచేసుకో. మంగళగిరి కొండ మెట్లు ఎక్కి దిగిన మర్నాడు తొడలు పట్టేస్తే లాక్టిక్ యాసిడ్ వల్లే అంటారు. లాక్టేట్ గంటా గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ఆ నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది, ఎక్కినందుకన్నా దిగినందుకు ఎక్కువ వస్తుంది. దిగేటప్పుడు క్వాడ్రిసెప్స్ సాగుతూ ఆపింది గుర్తుందిగా, అలా పనిచేసినప్పుడు కండరపు పోగులకు చిన్న చిన్న దెబ్బలు తగులుతాయి.

పాత ప్రశ్నపత్రాలు పనికొస్తాయి, చివరి మూడు వారాల్లో. అంతకుముందు వాటిని చదివితే ప్రశ్న వచ్చినంత మేరే నేర్చుకుంటావు, పేషెంట్ మాత్రం ఆ ప్రశ్నపత్రం ప్రకారం రాడు. ఇప్పుడు చేయాల్సింది, రూమ్‌మేట్ ఒంటి మీద ఎముకల గుర్తులు తడిమి పట్టుకోవడం. నడుముకు రెండు పక్కలా చేతులు ఆనించే ఎముక అంచు నాలుగో లంబార్ (నడుము) పూస ఎత్తులో ఉంటుంది, స్కాపులా కింది మొన ఏడో థొరాసిక్ (ఛాతీ భాగపు) పూస దగ్గర. డిసెక్షన్ హాల్‌లో వెనక వరసలో నిలబడకు. వాసనకి కళ్ళు మండినా ముందుకు వెళ్ళు, చేత్తో తాకి చూడు. ఆ శరీరాన్ని ఏదో కుటుంబం మీ చదువు కోసం ఇచ్చి ఉండొచ్చు.

ఇంగ్లీషు గురించి నువ్వు పెద్దగా రాయలేదు గానీ, తెలుగు మీడియం అన్న మాటలో ఆ బెంగ కనిపించింది. పేర్లు ఇంగ్లీషులోనే నేర్చుకో, ఎలా పనిచేస్తుందో మాత్రం ముందు తెలుగులో మీ అమ్మకు చెప్పు. కర్ర ఏ చేత్తో పట్టుకోవాలో అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆ పాఠం నీకు వచ్చినట్టే. ఆ తర్వాత దాన్నే చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో కాగితం మీద రాయి, పక్కన బొమ్మ గీయి. బొమ్మ చక్కగా గీసి పేర్లు సరిగా పెడితే భాష కొంచెం తడబడినా మార్కులు వస్తాయి.

బంధువుల మాటకి జవాబు చెప్పాలని కూడా అనుకోకు. ఫిజియోథెరపీతో సహా వైద్య అనుబంధ వృత్తుల చదువుకీ రిజిస్ట్రేషన్‌కీ 2021లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసింది. ఇది ఇంకో కోర్సులో మిగిలిపోయినవాళ్ళ కోర్సు కాదు. డబ్బు విషయం మాత్రం దాచను. బీపీటీ అయిన కొత్తలో ప్రైవేటు క్లినిక్కులు ఇచ్చే జీతాలు తక్కువ, ఆ మొదటి ఏళ్ళు ఇంట్లో కష్టంగానే ఉంటుంది. దానికి నాన్నగారితో ఇప్పుడే మాట్లాడుకో. తర్వాత రెండేళ్ళ ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) చేయొచ్చు. క్రీడల వైపు మనసు పోతే పటియాలాలో 1961లో పెట్టిన జాతీయ క్రీడా సంస్థ ఉంది, అక్కడ ఫిజియాలజీకి, బయోమెకానిక్స్‌కి విడివిడిగా విభాగాలున్నాయి. మణిపాల్‌లో, చెన్నై శ్రీ రామచంద్రలో స్పోర్ట్స్ సైన్స్ కోర్సులున్నాయి. మామూలు డిగ్రీ చేసి, పీఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి, మన నాగార్జున యూనివర్సిటీలో బీపీఈడీ చేసే దారి కూడా ఉంది. కాకపోతే అది వ్యాయామ ఉపాధ్యాయులయ్యే దారి. నడుం నొప్పితో వచ్చిన మనిషికి చెయ్యి ఆనించాలనే కోరిక నీది, దానికి నువ్వున్న చోటే సరైనది.

ఈ వారం మీ అనాటమీ టీచర్‌ని అడిగి ఇంటర్నల్ జవాబుపత్రం తీసుకో. మార్కులు పేర్ల దగ్గర పోయాయా, బొమ్మ దగ్గర పోయాయా, ప్రశ్న అర్థంకాక పోయాయా, మూడు రంగుల పెన్నులతో గుర్తు పెట్టుకో. రెండో ఇంటర్నల్‌కి ఏ భాగం ఇచ్చారో రాసి పంపు. దాన్ని కదలికల వారీగా ఎలా విడగొట్టి చదవాలో మళ్ళీ రాస్తాను.